టేక్ అనే ఒక్క మాట గురించి, స్రవంతికి

చి.సౌ. స్రవంతికి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

న్యూయార్క్‌లో మీ ఫ్లషింగ్ పేట లైబ్రరీలో శనివారం శనివారం చైనా పెద్దవాళ్ళకి ఇంగ్లిష్ చెప్పబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చుట్టాలొస్తే తలుపు చాటుకి పోయే పిల్లవి, పదిహేనుమంది ముందు నిలబడి పాఠం చెప్తావంటే నా కడుపు నిండిపోయింది. ఆ తర్వాత నువ్వు తయారుచేసి పంపిన కాగితం తెరిచాను. 'టేక్' అనే మాటకి ఇరవై మూడు అర్థాలు, ఒక్కోదానికి ఎదురుగా ఒక చైనా మాట, పక్కన ఒక వాక్యం. గుండె గుభేలుమంది. మొదటి క్లాసులోపే ఈ ఉత్తరం నీకు చేరాలని గబగబా రాస్తున్నాను.

ముందు చిన్న సంగతులు. బల్లలు గుండ్రంగా వేయించు. పెద్ద అక్షరాలతో రాయి, వాళ్ళలో సగంమందికి చత్వారం ఉంటుంది. అందరూ చైనా అధికార భాష మాండరిన్ మాట్లాడేవాళ్ళే అనుకోకు, కాంటనీస్ వాళ్ళూ ఫూజియన్ వాళ్ళూ ఉంటారు. మాట వేరైనా రాత కలుస్తుంది కాబట్టి ఎవరికి వాళ్ళని చైనా అక్షరాల్లో రాసుకోనివ్వు. అక్కడికి అవి చాలు.

ఇక ఆ కాగితం. చించెయ్, తల్లీ. కష్టపడి చేశావని తెలుసు. అయినా చించెయ్. మా తరం టీచర్లందరం చేసిన పాత తప్పు అదే, డిక్షనరీలో ఉన్న వరసనే క్లాసులోకి మోసుకుపోవడం. డిక్షనరీలో 'టేక్' పక్కన ముందువరసలోనే కనిపించే చైనా మాట 'నా'. రెండో స్వరంలో, కింది నుంచి పైకి లేపి పలుకుతారు. చేత్తో పట్టుకోవడం, చేత్తో తీసుకోవడం దాని అర్థం. బల్ల మీద పుస్తకం తీసుకోవడానికి సరిగ్గా సరిపోతుంది. ఒకసారి టేక్ అంటే 'నా' అని బోర్డు మీద రాశావా, ఇక ఆ మేకు ఊడిరాదు. పుస్తకంలో టేక్ కనిపించిన ప్రతిచోటా వాళ్ళు పెన్సిలుతో పైన 'నా' అక్షరం రాసుకుంటారు. మిగతా ఇరవై రెండు అర్థాలు కాగితం మీద ఉంటాయి, చెవిలోకి మాత్రం ఆ ఒక్కటే వెళుతుంది.

చదివేటప్పుడు దాని నష్టం పెద్దగా తెలియదు. లేబుల్ మీద 'టేక్ వన్ టాబ్లెట్' అని ఉంటే, మాత్ర చేతిలో పట్టుకోమన్నారని ఎవరూ అనుకోరు. ప్రమాదమంతా వినడంలో ఉంది. క్లినిక్‌లో నర్సు తల ఎత్తకుండా, గబగబా 'ఆర్ యు టేకింగ్ ఎనీ మెడిసిన్స్?' అని అడుగుతుంది. ఏళ్ళ తరబడి బీపీ మాత్ర వేసుకుంటున్న ముసలాయన చెవికి అందులో రెండే ముక్కలు అందుతాయి, పట్టుకోవడం, మందులు. సంచిలో మందులు లేవు, ఇంట్లో ఉన్నాయి. 'నో' అంటాడు. అబద్ధం కాదు, ఆయనకి అర్థమైన ప్రశ్నకి అది సరైన జవాబే. కానీ కంప్యూటర్లో మందులేమీ వాడడం లేదని ఎక్కిపోతుంది. ఆ తర్వాత రాసే మందు ఆ 'నో'ని నమ్ముకుని రాస్తారు.

అందుకే చెబుతున్నాను, అసలు 'టేక్' అనే మాటని ఒంటరిగా బోర్డు మీద నిలబెట్టకు. పక్కన నామవాచకం లేకుండా దానికి అర్థమే లేదు. అది వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడం నీకు సులువు, ఎందుకంటే నువ్వు తెలుగుదానివి. మనం బస్సు ఎక్కుతాం, ఫొటో తీస్తాం, పరీక్ష రాస్తాం, స్నానం చేస్తాం, సెలవు పెడతాం, జ్వరం చూస్తాం, మాత్ర వేసుకుంటాం. వాళ్ళు బస్సుకి 'జ్వో' అంటారు, అంటే కూర్చోవడం. ఫొటోకి 'పాయ్', చరచడం. జ్వరానికి 'ల్యాంగ్', కొలవడం. స్నానానికి కడగడం, సెలవుకి అర్థించడం. మందుకి తినడం. ఇంగ్లిష్ వాళ్ళు ఇన్నిటినీ ఒక్క టేక్‌తో సరిపెట్టుకుంటారు. ఏ పనికి ఆ క్రియ ఉన్న భాష మనదీ వాళ్ళదీ. నీకు చిన్నప్పుడు జ్వరమొస్తే 'తాగు' అన్నంతసేపూ బుద్ధిగా కూర్చునేదానివి, టానిక్ అని తెలుసు కాబట్టి. 'మింగు' అనగానే పెరట్లో బావి వెనక్కి పరుగు. క్రియ వింటేనే ఏ మందో నీకు తెలిసిపోయేది. ఆ తెలివే వాళ్ళకీ ఉంది. ఇంగ్లిష్‌లో ఆ ఆనవాలు క్రియలో దొరకదు, పక్క మాటలో వెతకాలని చెప్పు.

చేసే పద్ధతి ఇది. ఎనిమిది అట్టముక్కలు కత్తిరించు, ఎనిమిది చాలు. మాత్ర, సిరప్ సీసా, థర్మామీటరు, బీపీ మిషను, మీ పేటకి వచ్చే సెవెన్ నంబరు ట్రెయిన్, ఫొటో, కళ్ళజోడు, గడియారం. ముందువైపు బొమ్మ, కింద టేక్‌తో కలిపి మొత్తం మాట. వెనకవైపు ఖాళీ. అక్కడ ఎవరి క్రియ వాళ్ళనే రాయమను, నువ్వు రాయకు. వాళ్ళ చేత్తో రాస్తేనే ఒకే టేక్ వెనక ఎన్నో వేరు వేరు క్రియలు వచ్చాయని వాళ్ళ కంటికే కనిపిస్తుంది. కళ్ళజోడు అట్ట దగ్గర 'టేక్ ఆఫ్' వస్తుంది, ఒంటి మీదది తీసేయడం. చొక్కాకి ఒక క్రియ, కళ్ళజోడుకి ఇంకో క్రియ వాడతారు వాళ్ళు. కళ్ళజోడుకి వాడేది చెట్టు నుంచి పువ్వు కోయడానికి వాడే క్రియే. ఎక్స్‌రే గదిలో ఈ మాట తప్పకుండా వినబడుతుంది కాబట్టి మొదటి నెలలోనే చెప్పు. 'టేక్ ఆఫ్టర్', 'టేక్ ఓవర్' లాంటివి వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

గడియారం అట్టకి 'ఇట్ టేక్స్ ట్వెంటీ మినిట్స్'. వ్యాకరణం విప్పకు, ఆ ముందున్న 'ఇట్' ఏమిటని ఎవరైనా అడిగినా సరే. మొత్తం ఒకే ముద్దగా నోటికి పట్టించు. చైనాలో హైస్కూల్లో ఇంగ్లిష్ చదివినవాళ్ళకి ఈ వాక్యం సూత్రంలా కంఠతా వచ్చి ఉంటుంది, వాళ్ళ చేతే చెప్పించు. 'టేక్', 'బ్రింగ్' తేడా గురించి అసలు బెంగపెట్టుకోకు. మనకి తీసుకెళ్ళు, తీసుకురా ఉన్నట్టే వాళ్ళకీ క్రియ చివర వెళ్ళడం, రావడం తగులుతాయి. ఐదు నిమిషాల పని.

'ఐ ఈట్ మెడిసిన్' అంటారు. దిద్దు, కానీ పట్టుబట్టి సాధించకు. ఆ మాట అంటే ఏ ఫార్మసిస్టుకైనా అర్థమవుతుంది, ఎవరికీ హాని లేదు. వాళ్ళు అనే తప్పు కంటే వాళ్ళు వినే తప్పు ప్రమాదం. నీ సమయమంతా వినడం మీద పెట్టు.

ఉచ్చారణ దగ్గర తప్పు వాళ్ళది కాదు, మనది. మన 'ట'లో ఊపిరి ఉండదు. మాండరిన్ చెవి 'ట'ని, 'డ'ని ఊపిరితోనే వేరుచేస్తుంది. నువ్వు మన పద్ధతిలో 'టేక్' అంటే వాళ్ళకి 'డేక్' అని వినబడుతుంది, 'టెన్' అంటే 'డెన్'. నోటి ముందు సన్నని కాగితం పెట్టుకుని, అది కదిలేలా దాదాపు 'ఠేక్' అను. చివరి 'క్' మాండరిన్ వాళ్ళకి కష్టం, వాళ్ళ భాషలో మాట అలా ముగియదు. 'టే' దగ్గర ఆగిపోతారు, లేదా 'టేక' అని అచ్చు తగిలిస్తారు. తర్వాతి మాటతో కలిపి 'టేకిట్' అనిపిస్తే దారికొస్తుంది. కాంటనీస్ వాళ్ళకి ఆ ఇబ్బంది తక్కువ.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని విషయం. చైనా మందు డబ్బా మీద ముందు రోజుకి ఎన్నిసార్లో రాస్తారు, తర్వాత ఒక్కసారికి ఎన్ని మాత్రలో. 'రోజుకి 3 సార్లు, సారికి 2 మాత్రలు.' అమెరికా లేబుల్ దీనికి తిరగేసి ఉంటుంది, 'టేక్ 2 టాబ్లెట్స్ 3 టైమ్స్ ఎ డే'. అంకెలు మాత్రమే చదివే అలవాటున్నవాళ్ళు వాటిని తమ వరసలో చదువుకుంటారు. '1 టాబ్లెట్ 4 టైమ్స్ ఎ డే' అన్నది రోజుకి ఒకసారి నాలుగు మాత్రలైపోతుంది. రోజు మొత్తానికి లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది, కానీ నాలుగు పూటల మందు ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. దీనికి ఒక క్లాసు మొత్తం కేటాయించు. ఎండు శనగలు పట్టుకెళ్ళు. పేపరు పళ్ళెం మీద నాలుగు గళ్ళు గియ్యి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. లేబుల్ నువ్వు చదువు, శనగలు వాళ్ళు పెట్టాలి. పది లేబుళ్ళు చదివినా ఒక్క పళ్ళెంలో తప్పు పడకూడదు. ఆ తర్వాత 'విత్ ఫుడ్', 'ఆన్ ఏన్ ఎంప్టీ స్టమక్', 'యాజ్ నీడెడ్'. సిరప్ వచ్చేసరికి టీస్పూను అంటే 5 మిల్లీలీటర్లు, టేబుల్‌స్పూను 15. వంటింటి చెంచాతో కొలవొద్దని, సీసాతో వచ్చిన కొలతగిన్నె చూపించి చెప్పు. నిజం సీసాలు తెస్తే వాటిమీద మనుషుల పేర్లు ముందే చింపెయ్.

ఇంకో గొయ్యి ఉంది, అందులో మనమూ పడతాం. 'యు హావెంట్ టేకెన్ ఎనీథింగ్ టుడే?' అంటే మనం 'ఆఁ, వేసుకోలేదు' అనుకుని 'యెస్' అంటాం. వాళ్ళూ అంతే. ఇంగ్లిష్‌లో అది 'నో' కావాలి. నియమం వివరిస్తే ఆ కంగారులో ఎవరికీ గుర్తుండదు. ఒంటి 'యెస్', ఒంటి 'నో' అనొద్దని, మొత్తం వాక్యం చెప్పమని నేర్పు, 'ఐ టేక్ దిస్' అంటూ జేబులో చీటీ తీసి చూపించమని. ఆ చీటీ క్లాసులోనే రాయించు. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకి ఎన్నిసార్లు. దాని కింద మూలికలు కూడా. కషాయాన్ని చాలామంది మందుల లెక్కలో వేయరు. దాంగ్‌గ్వే అనే వేరు చైనా ఇళ్ళల్లో సూపుల్లో కూడా వేస్తారు. రక్తం పలచబరిచే వార్ఫరిన్‌తో అది కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. 'ఐ టేక్ హెర్బ్స్ టూ' అన్న నాలుగు మాటలు అందరి నోటా పలికించు. న్యూయార్క్‌లో ఒకే పేరుతో చాలా దుకాణాలున్న పెద్ద చైన్ ఫార్మసీలు చైనీస్ లేబుల్ ఉచితంగా ఇవ్వాలి. అడిగితేనే ఇస్తారనుకుని, 'చైనీస్ లేబుల్, ప్లీజ్' కూడా నేర్పు.

మందులు మందులని ఇంతసేపు సతాయించానని విసుక్కోకు. ఫొటోలూ ట్రెయిన్లూ తప్పైతే నవ్వుకుని ఇంటికి పోతారు. ఇదొక్కటి అలా కాదు, బంగారం.

క్లాసులో ఎవరైనా అలసిపోయి 'ఐ వాంట్ రెస్ట్' అంటే, అప్పుడు బోర్డు దగ్గరికి వెళ్ళకుండా, 'సరే, టేక్ ఎ బ్రేక్' అని ఫ్లాస్కులో వేడినీళ్ళు అందించు. చల్లనీళ్ళు చాలామంది ముట్టరు. తొమ్మిదో అట్ట అలా దానంతటదే వస్తుంది.

అట్టముక్కలు కత్తిరించడం మొదలుపెట్టాక చీకటిపడేదాకా కూర్చోకు, నీ కళ్ళు ముందే అంతంతమాత్రం. మొదటి శనివారం అవగానే ఫోన్ చెయ్యి. ఏ బొమ్మ వెనక ఎవరు ఏం రాశారో ఒక్కొక్కటీ చదివి వినిపించాలి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ