బొమ్మ ఒకచోట, కోత ఒకచోట
కటింగ్ మెషీన్ల మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అచ్చువేసిన రంగు బొమ్మను అంచు వెంటే కత్తిరించి ఇచ్చే చిన్న మెషీన్లు ఇప్పుడు ఇళ్లలోకి కూడా వచ్చేశాయి. ఈ పనిని క్రికట్ కంపెనీ మెషీన్ వాడేవాళ్లు ‘ప్రింట్ దెన్ కట్’ అంటారు, సిల్హౌట్ కంపెనీది వాడేవాళ్లు ‘ప్రింట్ అండ్ కట్’ అంటారు. పద్ధతి ఒక్కటే. బొమ్మతోపాటు కాగితం మీద కొన్ని నల్ల గుర్తులు అచ్చవుతాయి. మెషీన్‌లోని సెన్సర్ ముందు ఆ గుర్తులను వెతుక్కుని, అక్కడి నుంచి కొలుచుకుని కోస్తుంది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం బ్లేడు బాగాలేదని రాసినవే. తప్పు చాలాసార్లు బ్లేడు దాకా రాకముందే, ప్రింటు దగ్గరే జరిగిపోతుంది. అందుకే మొదటి జవాబు కాస్త పొడుగైంది.

ప్రశ్న: క్రికట్ ఎక్స్‌ప్లోర్ 3 మీద స్టిక్కర్లు చేస్తున్నాను. సెన్సర్ గుర్తుల్ని బాగానే చదువుతోంది. కానీ కోత బొమ్మ మీంచి పక్కకు పోతోంది. రెండుసార్లు క్యాలిబ్రేషన్ చేసినా అలాగే ఉంది. – విజయనగరం

జవాబు: ఎంత పక్కకు పోయిందన్నది తర్వాత. ఎలా పోయిందో ముందు చూడండి. షీటు మీద నాలుగు మూలల్లో ఉన్న నాలుగు స్టిక్కర్లు తీసి పక్కపక్కన పెట్టండి. నాలుగింటిలోనూ కోత ఒకే వైపుకు, ఒకే అంత జరిగిందా? అయితే అది క్యాలిబ్రేషన్ తేడా, అంటే సెన్సర్ చూసే చోటుకీ బ్లేడు కోసే చోటుకీ పొంతన కుదరలేదు. ఒక మూల సరిగ్గా ఉండి, దూరం పోయేకొద్దీ తేడా పెరిగిందా? అది ప్రింటు సైజు తేడా. మొదట కోసినవి బాగుండి, సగం నుంచి చెడిందా? కాగితాన్ని అంటించి మెషీన్‌లోకి పంపే జిగురు పలక, అంటే మ్యాట్ మీద కాగితం కదిలింది.

మీరు క్యాలిబ్రేషన్ రెండుసార్లు చేశారు కాబట్టి మా అనుమానం రెండోదాని మీద. మన దగ్గర దొరికేది ఏ4 కాగితం: 210 × 297 మిల్లీమీటర్లు. సాఫ్ట్‌వేర్‌లో పేజీ సైజు చాలాసార్లు అమెరికా వాళ్ల లెటర్ సైజు మీద ఉండిపోతుంది: 216 × 279. లెటర్ పేజీని ఏ4 మీద వేయమంటే, వెడల్పు చాలక ప్రింటర్ బొమ్మను దాదాపు 97 శాతానికి కుదిస్తుంది. కంటికి ఏమీ తెలియదు. కాగితం మీద మాత్రం 200 మిల్లీమీటర్లు ఉండాల్సింది 194 చిల్లర అవుతుంది. నల్ల గుర్తులు కూడా వాటితోపాటే కుదించుకుపోతాయి. అప్పుడు సెన్సర్ ఒక్కోసారి చదవలేనంటుంది, ఒక్కోసారి చదివేసి తప్పు చోట కోస్తుంది.

తేల్చుకోవడం తేలిక. డిజైన్‌లో ఒక మూల 50 మిల్లీమీటర్ల చదరం ఒకటి పెట్టండి. ప్రింటు తీసి స్టీలు స్కేలుతో కొలవండి. ప్లాస్టిక్ స్కేలే ఉంటే, వాటి మొదటి గీతలు అరిగిపోయి ఉంటాయి కాబట్టి 10 నుంచి 60 దాకా కొలవడం మంచిది. 50 రావాలి. 48.6 వచ్చిందంటే దొంగ దొరికినట్టే. సాఫ్ట్‌వేర్‌లో పేజీ ఏ4 పెట్టండి. ప్రింటు ఇచ్చేటప్పుడు ‘యూజ్ సిస్టమ్ డైలాగ్’ ఎంచుకోండి. అందులో ప్రింటర్ సెట్టింగులు తెరిచి కాగితం ఏ4, స్కేల్ 100 శాతం అని పెట్టండి. ‘ఫిట్ టు పేజ్’, ‘బోర్డర్‌లెస్’ రెండూ ఆపేయండి. బోర్డర్‌లెస్ పెడితే ప్రింటర్ అంచులు నింపడానికి బొమ్మను కొద్దిగా పెద్దది చేస్తుంది. తేడా ఇటు కాకపోతే అటు వస్తుంది.

చదరం 50 వచ్చాకే మళ్లీ క్యాలిబ్రేషన్ చేయండి. ప్రింటు కుదించుకుపోతుండగా చేసిన క్యాలిబ్రేషన్ పాత తప్పును దిద్దకపోగా, దాని మీద ఇంకో తప్పు చేరుస్తుంది. మామూలు తెల్ల కాగితం మీదే చేయండి, మెరిసే స్టిక్కర్ షీటు వద్దు. మెషీన్ మధ్యలో ఒక చిన్న చదరం కోస్తుంది. మ్యాట్ మీంచి కాగితం తీయకుండానే ఫోన్ కెమెరాతో పెద్దది చేసి నాలుగు వైపులా చూడండి. కోత గీత మీద లేదని చెబితే, పైనా పక్కనా ఉన్న సన్న గీతల వరసలను కోస్తుంది. కోత గీత నడిమధ్యన పడ్డది ఏదో చూసి దాని గుర్తు ఎంచుకోవాలి. ఇక్కడ రెండు నిమిషాలు ఓపిక పట్టండి. పక్క గీత ఎంచుకుంటే ఆ తేడా తర్వాత కోసే ప్రతి షీటు మీదా పడుతుంది.

ఇంత చేసినా అర మిల్లీమీటరు అటూ ఇటూ రావడం సహజం. రంగు సరిగ్గా కోత గీత దగ్గరే ఆగిపోతే ఆ అర మిల్లీమీటరే తెల్ల అంచుగా కనపడుతుంది. ‘బ్లీడ్’ ఆన్‌లో ఉంచితే రంగు గీత దాటి కొంచెం బయటికి అచ్చవుతుంది. లేదంటే ఆఫ్‌సెట్‌తో బొమ్మ చుట్టూ 2 నుంచి 3 మిల్లీమీటర్ల తెల్ల అంచు కావాలనే పెట్టండి. పిల్లల స్టిక్కర్లకు మా ఓటు తెల్ల అంచుకే. చిన్న తేడా అందులో కలిసిపోతుంది.

ప్రశ్న: మెరిసే ఫొటో స్టిక్కర్ షీటు పెడితే ‘గుర్తులు చదవలేకపోతున్నాను’ అంటోంది. మామూలు కాగితం చదువుతోంది. – కరీంనగర్

జవాబు: సెన్సర్ చూసేది నలుపుకీ తెలుపుకీ ఉన్న తేడాను. నల్ల సిరా మీద వెలుగు తళుక్కుమంటే ఆ తేడా పోతుంది. ముందు కిటికీ వెలుతురు, మెషీన్ మీద నేరుగా పడే బల్బు లేకుండా చూడండి. ఒక్కోసారి ఇంతే చాలు. చాలకపోతే, మీద రాయడానికి వీలయ్యే మసక టేపు స్టేషనరీ షాపుల్లో దొరుకుతుంది. నల్ల గీతల మీద దాన్ని ముడతలు లేకుండా అంటించండి. మెరుపు చచ్చి గీత కనపడుతుంది. మామూలు సెల్లో టేపు వేస్తే ఇంకా మెరుస్తుంది.

లామినేషన్ ఫిల్మ్ వేసి కోసేవాళ్లకూ ఇదే చిక్కు. ఫిల్మ్‌ను బొమ్మ చుట్టూ ఉన్న నల్ల గీతల లోపలి వరకే వేయండి, గీతల మీదకు రానివ్వకండి.

ప్రింటు ‘డ్రాఫ్ట్’లో తీసినా నలుపు బూడిద రంగుకు దిగి సెన్సర్‌కు అందదు. సిల్హౌట్ వాడేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. గుర్తుల చుట్టూ తెర మీద అడ్డగీతలతో నింపి చూపించే చోటు ఉంటుంది. అందులోకి బొమ్మ అంచు వెళ్లిందంటే సెన్సర్ దాన్నే గుర్తు అనుకుంటుంది. పాత ఎక్స్‌ప్లోర్ ఎయిర్ రకాలకు తెల్ల కాగితమే పెట్టాలి. బ్రదర్ స్కాన్‌ఎన్‌కట్‌కు ఈ బాధ లేదు. అందులో స్కానర్ ఉంటుంది కాబట్టి గుర్తులు లేకుండానే బొమ్మను చూసి అంచు పట్టుకుంటుంది.

ప్రశ్న: ఇంట్లో ప్రింటర్ లేదు. జెరాక్స్ షాపులో ప్రింటు తీయించి ఇంట్లో కోసుకోవచ్చా? – తెనాలి

జవాబు: కోసుకోవచ్చు. ప్రింటు తీసే దగ్గర సిస్టమ్ డైలాగ్‌లో ప్రింటర్ బదులు పీడీఎఫ్‌గా సేవ్ చేసుకుని ఆ ఫైలు పట్టుకెళ్లండి. షాపులో ‘యాక్చువల్ సైజ్’లో వేయమని గట్టిగా చెప్పండి, అక్కడ ఫిట్ టు పేజ్ పెట్టేయడమే అలవాటు. పైన చెప్పిన 50 మిల్లీమీటర్ల చదరం ఫైల్లోనే ఉంటే, డబ్బులిచ్చే ముందు స్కేలు పెట్టి చూసుకోవచ్చు. ఇంటికొచ్చి అదే ప్రాజెక్టు తెరిచి, ప్రింటు అయిపోయిందని టిక్కు పెడితే నేరుగా కోతకు వెళ్తుంది. మధ్యలో డిజైన్‌లో ఏదీ కదపకండి.

ఒక్క జాగ్రత్త. షాపుల్లో ఉండేవి ఎక్కువగా లేజర్ ప్రింటర్లు. ఇంక్‌జెట్ కోసం చేసిన ప్లాస్టిక్ స్టిక్కర్ షీటు వాటిలో పెడితే వేడికి మెత్తబడి లోపల అంటుకుపోతుంది, షాపు వాళ్ల మెషీన్ పాడవుతుంది. ప్యాకెట్ మీద లేజర్‌కు పనికొస్తుందని ఉంటేనే ఇవ్వండి. లేజర్ ప్రింటులో ఒక సుఖం కూడా ఉంది, నీళ్లు తగిలినా రంగు కారదు. ఇంటి ఇంక్ ట్యాంక్ ప్రింటర్ల రంగులు ఎక్కువగా నీళ్లలో కరిగే డై రకం. వాటర్ బాటిల్ మీద అంటించాలంటే ప్లాస్టిక్ షీటు మీద ప్రింటు తీసి, రాత్రంతా ఆరనిచ్చి, కోల్డ్ లామినేషన్ వేయాలి. ఆరకముందే ఫిల్మ్ వేస్తే బుడగలు వస్తాయి. కాగితం స్టిక్కర్‌కు మీద ఎంత ఫిల్మ్ వేసినా కోసిన అంచు నుంచి నీరు పీల్చుకుంటుంది.

ప్రశ్న: పిల్లల నోటుపుస్తకాలకు తెలుగులో పేర్ల లేబుళ్లు చేద్దామంటే ఒత్తులు పక్కకు వచ్చి పడుతున్నాయి. ఫాంటు మారిస్తే గళ్లు వస్తున్నాయి. – బెంగళూరు

జవాబు: తెలుగు అక్షరం ఇంగ్లీషులా ఒకదాని పక్కన ఒకటి పేర్చేది కాదు. ‘లక్ష్మి’లో రెండో అక్షరం చూడండి. క, దాని కింద ష ఒత్తు, మ ఒత్తు, పైన గుడి, అన్నీ కలిసి ఒక్క రూపం కావాలి. ఆ కూర్పు తెలియని సాఫ్ట్‌వేర్‌లో ఏ ఫాంటు పెట్టినా మీకు కనపడిందే కనపడుతుంది. అందుకని అక్షరాలు అక్కడ టైపు చేయకండి. ఇంక్‌స్కేప్‌లోనో, ఫోన్‌లో తెలుగు సరిగ్గా కూర్చే ఏ డిజైన్ యాప్‌లోనో పేరు రాసి, వెనక రంగు లేని పీఎన్‌జీగా దించుకుని, దాన్ని అప్‌లోడ్ చేయండి. ఉచితంగా దొరికే గూగుల్ ఫాంట్లలో లేబుళ్లకు రామభద్ర లావుగా, నిండుగా ఉంటుంది. చిన్న సైజులో మండలి చక్కగా చదవబడుతుంది.

బొమ్మ అంగుళానికి 300 చుక్కల లెక్కన ఉండాలి. 10 సెంటీమీటర్ల లేబుల్‌కు వెడల్పు సుమారు 1180 పిక్సెళ్లు. అప్‌లోడ్ చేసేటప్పుడు ‘కట్ ఇమేజ్’ కాకుండా ‘ప్రింట్ దెన్ కట్ ఇమేజ్’ అని ఎంచుకోవాలి. లేకపోతే రంగులు పోయి వట్టి ఆకారమే మిగులుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ప, స, ష, హ అక్షరాలకు తలకట్టు చాలా ఫాంట్లలో అంటుకుని ఉండదు. ఒత్తులూ విడిగానే ఉంటాయి. థ పొట్టలో చుక్క ఇంకో ముక్క. అక్షరం అంచునే కోయమంటే ‘ప్రసాద్’ నాలుగైదు ముక్కలై చేతిలోకి వస్తుంది. పేరు చుట్టూ 3 మిల్లీమీటర్ల ఆఫ్‌సెట్ ఇస్తే తలకట్లు, ఒత్తులు అన్నీ ఒకే గట్టులోకి వస్తాయి. లోపల చిన్న రంధ్రాలు మిగిలితే ‘కాంటూర్’లో వాటిని మూసేయండి. తర్వాత పేరునీ ఆఫ్‌సెట్‌నీ కలిపి ఎంచుకుని ‘ఫ్లాటెన్’ నొక్కాలి. ఇది మరిచిపోతే మెషీన్ రెండింటినీ వేర్వేరు పనులనుకుని, తెల్ల అంచుకు వేరే కాగితం పెట్టమంటుంది.

డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో చేయించుకుంటే ఫైలు అలాగే తెచ్చుకోకండి, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అది చదవబడదు. కోరల్ డ్రాలో అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మగా మార్చి ఎస్‌వీజీ గానీ, 300 డీపీఐ పీఎన్‌జీ గానీ ఇమ్మని అడగండి.

ప్రశ్న: నెట్‌లో దించుకున్న వినాయకుడి బొమ్మ చుట్టూ మెషీన్ ఎక్కడెక్కడో చిన్న చిన్న చుక్కలు కోస్తోంది. – రాజమహేంద్రవరం

జవాబు: ఆ బొమ్మ వెనక కంటికి కనపడని పలచని నీడ ఉంది. సాఫ్ట్‌వేర్‌కు అదీ బొమ్మలో భాగమే. బ్యాక్‌గ్రౌండ్ తీసేసేటప్పుడు పెద్దది చేసి చూసి ఆ మసకంతా చెరిపేయండి, మిగిలిన చుక్కలను కాంటూర్‌లో ఆపేయండి.

ప్రశ్న: స్టిక్కర్ మాత్రమే తెగి వెనక కాగితం మిగలాలి. ఒకసారి రెండూ తెగుతున్నాయి, ఇంకోసారి ఏదీ తెగడం లేదు. – హైదరాబాద్

జవాబు: మెషీన్ సెట్టింగుల్లో ఉన్న షీటు పేరును నమ్ముకోవద్దు, కంపెనీ కంపెనీకీ మందం మారుతుంది. షీటు మూల అంగుళం చదరం ఒకటి కోసి చూడండి. గోటితో మూల లేపితే పైపొర శుభ్రంగా లేవాలి. కింద కాగితం మీద సన్న గీటు పడాలి, దాన్ని తిప్పి చూస్తే వెనక ఏమీ కనపడకూడదు. లోతు ఎక్కువైతే ప్రెజర్ ‘లెస్’కు దించండి, సిల్హౌట్‌లో అయితే బ్లేడు లోతు ఒక అంకె తగ్గించండి. లామినేషన్ వేసిన షీటుకు ఒక మెట్టు పెంచాలి.

ఒకే సెట్టింగులో కాసేపు తెగి కాసేపు తెగకపోతే బ్లేడును పట్టి ఉంచే గొట్టం (హౌసింగ్) విప్పండి. చాలాసార్లు జిగురుతో ఒక ముక్క లోపల ఇరుక్కుని ఉంటుంది. వెనక పిన్ను నొక్కితే బ్లేడు బయటికి వస్తుంది. ముక్క తీసేసి, అల్యూమినియం ఫాయిల్ ఉండలో మొనను ఇరవైసార్లు గుచ్చండి. స్టిక్కర్లకు ఒక బ్లేడు, అట్టకు ఒక బ్లేడు విడిగా ఉంచుకుంటే రెండూ ఎక్కువ రోజులు నిలుస్తాయి.

ప్రశ్న: కేక్ మీద గుచ్చే బొమ్మలకు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) అట్ట పెడితే ప్రింటర్లోనే ఇరుక్కుంటోంది. – వరంగల్

జవాబు: కింది ట్రే నుంచి తీసుకునే ప్రింటర్లలో అట్ట వంపు తిరగాలి, అంత మందం తిరగదు. వెనక నుంచి నిలువుగా పెట్టే ప్రింటర్ అయితే 200, 220 జీఎస్ఎం దాకా చాలావరకు వెళ్తుంది. ఇంకా గట్టిగా కావాలంటే కోసిన రెండు బొమ్మల మధ్య పుల్ల పెట్టి వీపు వీపు అంటించండి. రెండోదాన్ని అద్దంలో బొమ్మలా తిప్పి కోస్తేనే అంచులు కలుస్తాయి. అక్షరాలు ఉంటే అవి కూడా తిరగబడతాయి కాబట్టి ఆ వైపు ఆకారం మాత్రం తిప్పి, పేరు మళ్లీ సరిగ్గా పెట్టుకోవాలి.

ప్రశ్న: కోత బాగానే వస్తోంది. మ్యాట్ మీంచి తీస్తుంటే స్టిక్కర్లు చుట్టుకుపోతున్నాయి, సన్నటి చోట్ల చిరుగుతున్నాయి. – అనంతపురం

జవాబు: కాగితాన్ని మ్యాట్ మీంచి లాగకండి, మ్యాట్‌ను కాగితం మీంచి లాగండి. మొత్తం బోర్లించి బల్ల మీద పెట్టండి. ఒక చేత్తో కాగితాన్ని బల్లకు అదిమి పట్టి, రెండో చేత్తో మ్యాట్ మూలను పైకి వంచుతూ తీస్తే కాగితం చాపలా పరుచుకుని ఉంటుంది. క్రికట్ వాళ్ల ఆకుపచ్చ మ్యాట్ కొత్తగా ఉన్నప్పుడు మామూలు కాగితానికి జిగురు మరీ ఎక్కువ, నీలం రంగు లైట్‌గ్రిప్ వాడండి. అది లేకపోతే శుభ్రమైన నూలు చొక్కాకు ఆకుపచ్చ మ్యాట్‌ను రెండుసార్లు అద్ది తీస్తే జిగురు కాస్త తగ్గుతుంది.