మైపాడు బీచ్‌లో చెత్త వేసేది కుర్రకారేనా?

నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్‌లో చెత్తంతా కాలేజీ కుర్రాళ్ల పనేనా అని అడిగారు. సగం నిజం. విదేశాల్లో జరిగిన పరిశీలనల్లోనూ పెద్దవాళ్లకంటే యువతే ఎక్కువగా పారేస్తారని తేలింది. ఖాళీ సీసాలు, బిర్యానీ డబ్బాలు చాలావరకు వాళ్లవే.

అయితే కార్తీక పౌర్ణమి మర్నాడు తెల్లవారి ఒకసారి వెళ్లి చూడండి. తడి ఇసుకలో పసుపు కుంకుమల పొట్లాలు, అగరుబత్తి పెట్టెలు, కర్పూరం కవర్లు. ఇవి ఏ కుర్రాడు తెస్తాడు? 2022 జూలై 1 నుంచి నిషేధించిన ప్లాస్టిక్ గ్లాసులు కుటుంబాలతో వచ్చి భోంచేసి వెళ్లిన చోటే దొర్లుతుంటాయి. చిప్స్ పొట్లం పిల్లవాడిదే, కానీ "అక్కడ పడేయ్ నాన్నా" అన్నది తండ్రి.

ఇక తెగిన నైలాన్ వలలకు, వరదల్లో పెన్నా మోసుకొచ్చే ఊళ్ల చెత్తకు వయసెక్కడిది? చలికాలం చివర గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లకు ఆ వలముక్కలే ఉరితాళ్లు.

నన్నడిగితే వయసుకంటే చెత్తబుట్ట దూరం ముఖ్యం. అది కనుచూపు మేరలో లేకపోతే, అప్పటికే నేలంతా చెత్త ఉంటే, తాతయ్య చెయ్యి కూడా ఆగదు.