తిరిగి రాని రోగి

అమ్మా,

నీ ఉత్తరం అందింది. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు డ్యూటీ చేసుకుంటూనే పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరాలనుకుంటున్నానని రాశావు. ప్రపోజల్ మొదటి పేజీ కూడా జతచేసి, రాసే పద్ధతిలో తప్పులుంటే దిద్దమన్నావు. పైన శీర్షిక చూశాను: "ఉద్దానంలో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధికి కారణాల అన్వేషణ". నీ మనసు ఎక్కడుందో అక్కడే తెలిసింది. అయినా ముందు ఆ శీర్షిక కొట్టేయమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఉద్దానం గురించి నీకు చెప్పేటంతవాణ్ణి కాను. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, కంచిలి, మందస మనుషులు రోజూ నీ ఓపీ ముందు కూర్చుంటున్నారు. షుగరు లేదు, బీపీ లేదు, కొబ్బరి తోటలోనో జీడి తోటలోనో పనిచేసుకునే మనిషి నీరసంగా ఉందని వస్తే అప్పటికే కిడ్నీలు సగానికి పైగా పోయి ఉంటాయి. ఇలాంటి జబ్బే శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతుల్లో ఉంది. ఎల్ సాల్వడార్, నికరాగ్వాల్లో చెరకు నరికే కూలీల్లో ఉంది. తాగే నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, భారలోహాలన్నారు, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా పనిచేయడమన్నారు, నొప్పి బిళ్లలన్నారు. ఇన్ని బృందాలు ఇన్నేళ్లు తిరిగినా, ఇదీ కారణమని అందరూ ఒప్పుకునే మాట ఇంకా రాలేదు. అంత బరువైన ప్రశ్నను నైట్ డ్యూటీలు లేని సాయంత్రాల్లో ఒక్క మనిషి ఎత్తలేదమ్మా. ఎత్తబోయి, నాలుగో ఏడు మధ్యలో దించేసి, ఇక ఆ ఫైలు తెరవడానికే మనసొప్పక వదిలేసిన మంచి డాక్టర్లను నేను చూశాను.

నీ ఉత్తరంలోనే ఇంకో ప్రశ్న ఉంది. నువ్వు దాన్ని ప్రశ్న అనుకోలేదు, ఫిర్యాదులా రాశావు. క్యాంపులో ఒక్కసారి క్రియాటినిన్ (కండల నుంచి వచ్చి కిడ్నీలు వడపోసే వ్యర్థం) మామూలు కంటే ఎక్కువగా 1.6 వస్తే చాలు, ఆ మనిషిని కిడ్నీ రోగి అంటున్నారనీ, ఊళ్లో ఆ మాట అంటుకుంటే ఆ ఇంటి పిల్లకు సంబంధాలు కూడా ఆగిపోతున్నాయనీ రాశావు. దీర్ఘకాలిక వ్యాధి అనాలంటే తేడా మూడు నెలలకు పైగా ఉండి తీరాలని మనం చదువుకున్నదే. మరి మీ మండలంలో మొదటి పరీక్షలో ఎక్కువ వచ్చినవాళ్లలో, మూడు నెలల తర్వాత ఎంతమందికి ఇంకా ఎక్కువగానే ఉంది? ఎంతమందికి మామూలుకు వచ్చింది? ఆ రెండు గుంపులకూ తేడా ఏమిటి? ఇది నువ్వు మోయగల ప్రశ్న. దీనికి నమ్మదగ్గ జవాబు వస్తే ఆ పెద్ద ప్రశ్న వెంటపడ్డవాళ్లకు కూడా పనికొస్తుంది. ఎందుకంటే జబ్బు నిజంగా ఎవరికుందో తేలకుండా దాని కారణం ఎవరూ పట్టుకోలేరు.

చిన్న ప్రశ్న అంటే తేలిక ప్రశ్న అనుకోకు. కొలత దగ్గరే ఏడాది పట్టొచ్చు. మన చిన్న ల్యాబుల్లో క్రియాటినిన్ ఎక్కువగా జాఫే పద్ధతిలోనే, అంటే రసాయనం కలిపితే వచ్చే రంగును బట్టి, చూస్తారు. రక్తంలో గ్లూకోజు బాగా పెరిగినా, కీటోన్లున్నా, కొన్ని సెఫలోస్పోరిన్ యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు పడినా ఆ రంగు మోసం చేస్తుంది. ముందు రోజు రాత్రి మాంసం తిన్నా అంకె పెరుగుతుంది. మిట్టమధ్యాహ్నం చెట్టు దిగి నేరుగా క్యాంపుకు వచ్చిన మనిషి రక్తమూ, పొద్దున్నే పరగడుపున ఇచ్చిన రక్తమూ ఒకటి కాదు. మొదటిసారి ఒక ల్యాబు, రెండోసారి ఇంకో ల్యాబు అయితే నువ్వు చూసే తేడా కిడ్నీదా, మెషీన్‌దా? ఈ రంగు మోసం తక్కువగా ఉండే ఎంజైమ్ పద్ధతి దొరికితే అదే వాడు. దొరక్కపోతే కనీసం రెండుసార్లూ ఒకే ల్యాబు, ఒకే పద్ధతి, ఒకే వేళ. ఇక ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు ఎంత వడపోస్తున్నాయో క్రియాటినిన్‌ను బట్టి లెక్క కట్టే ఫార్ములాలు చాలావరకు అమెరికా జనం మీద తయారైనవి. బక్కపలచని మన కూలి మనిషి కండకు అవి ఎంతవరకు సరిపోతాయో నీ థీసిస్‌లో ఒక అధ్యాయమే అవుతుంది.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకో. మద్రాసులో వైద్యం చదివి, బోస్టన్ వెళ్లి, 1925లో హార్వర్డ్ జీవరసాయన శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఆయన ప్రకటించింది కొత్త మందు కాదు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే ఒక పద్ధతి, అంతే. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరాల్లో శక్తిని నిల్వచేసే ఫాస్ఫోక్రియాటిన్ కంటపడింది. హార్వర్డ్ పీహెచ్‌డీ 1930లో వచ్చింది. అంటే పట్టా వచ్చేసరికే ఆ కొలత పని అయిపోయింది. నీకు ఏదో ఒక రోజు ఇదంతా ఎందుకు, ఎప్పుడూ కొలతలేనా అనిపిస్తుంది. ఆ రోజు ఈ వరస గుర్తుచేసుకో.

ఇప్పుడు నా సంగతి ఒకటి. ఎవరికీ రాయలేదు ఇన్నాళ్లు.

నా థీసిస్ రుమాటిక్ గుండె జబ్బు పిల్లల మీద. జబ్బు తిరగబెట్టకుండా వాళ్లు మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్‌కు రావాలి. ఏడాది తర్వాత వచ్చినవాళ్లను చూసి, ఎకోలు (గుండె స్కాన్లు) చేసి, పట్టిక వేశాను. బ్రహ్మాండంగా ఉంది. వచ్చిన పిల్లల్లో దాదాపు అందరూ బాగున్నారు. గైడ్ గారు ఆ కాగితం తీసుకుని, చివరి వరసలో "ఫాలోఅప్‌కు రానివారు" అన్న చోట వేలు పెట్టి, "వీళ్లేరి?" అన్నారు. ఊళ్లు మారారేమో అన్నాను. "ఏమో అని రాస్తావా?" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

ఆదివారాలు బస్సెక్కడం మొదలుపెట్టాను. కేస్ షీట్‌లో చిరునామా అంటే తండ్రి పేరు, ఊరు, అంతే. ఒక ఊళ్లో రామాలయం పక్క సందులో ఇల్లు దొరికింది. పేరు చెప్పగానే ఆ తల్లి ఏమీ మాట్లాడకుండా చూరులో దోపిన ప్లాస్టిక్ సంచి తీసి, అందులోంచి ఓపీ చీటీ నా చేతిలో పెట్టింది. నా చేతిరాతే. తేదీల కింద తేదీలు వేసి, ఒక చోట ఆగిపోయింది. పిల్లాడు సంక్రాంతి ముందు పోయాడంది. "కోతలప్పుడు రెండుసార్లు తప్పిందయ్యా. మళ్లీ వస్తే తిడతారని రాలేదు."

అలాంటి ఇళ్లు ఇంకా దొరికాయి. పట్టిక మారిపోయింది. బాగున్నవాళ్లే మళ్లీ వచ్చారు కాబట్టి వైద్యం బాగుందనుకున్నాను నేను. అప్పటికి ప్రాక్టీసులో పదేళ్ల అనుభవం నాది, ఆ అనుభవమంతా తిరిగొచ్చిన రోగుల అనుభవమే. పీహెచ్‌డీ నాకిచ్చింది ఏమిటని ఎవరైనా అడిగితే ఆ చీటీ గుర్తొస్తుంది. ఆ తర్వాత ఇంజెక్షన్ తప్పి వచ్చిన తల్లిని నేను ఒక్క మాట అనలేదు.

నీ అధ్యయనంలో కూడా మూడు నెలల తర్వాత కొందరు రారు. వలస పోయినవాళ్లుంటారు, భయపడ్డవాళ్లుంటారు, పోయినవాళ్లుంటారు. మొదటి రోజే రెండు ఫోన్ నంబర్లు, ఇంటి గుర్తు, ఆశా కార్యకర్త పేరు రాసి పెట్టుకో. వాళ్లను వెతకడానికి పట్టే ఆదివారాలు నీ టైమ్‌టేబుల్‌లో ఇప్పుడే వెయ్యి.

రాత సంగతి అడిగావు. పుస్తకం ముందుమాటలా ఇంట్రడక్షన్‌తో మొదలుపెట్టకు. పద్ధతులు ముందు రాయి, రక్తం ఏ వేళ తీశావో అదీ వదలకుండా. ఆ రోజు చేసింది ఆ రోజే నోట్‌బుక్‌లో పడాలి. వారం తర్వాత గుర్తు చేసుకుని రాసింది డేటా కాదు. అన్నిటికంటే ముందు తెలుగు సమ్మతి పత్రం. నువ్వు పంపినది చూశాను: "ఈ అధ్యయనమునందు స్వచ్ఛందముగా పాల్గొనుటకు సమ్మతించుచున్నాను." ఎవరి భాష ఇది? ఇలా రాసి చూడు: "మీ చేతి నుంచి ఒక చెంచాడు రక్తం తీస్తాం. మూడు నెలల తర్వాత మళ్లీ తీస్తాం. ఇది వైద్యం కాదు, పరీక్ష. వద్దంటే ఇప్పుడైనా చెప్పొచ్చు, మధ్యలోనైనా చెప్పొచ్చు. వద్దన్నా మీ మందులు ఆగవు." ఆ చివరి వాక్యం గట్టిగా చదవాలి. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు అడిగితే కాదనే ధైర్యం మన జనానికి ఎక్కడుంది? వేలిముద్ర వేసేవాళ్ల పక్కన నీ మనిషి కాని సాక్షి ఉండాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి రాకముందు ఒక్క ట్యూబు కూడా తీయకు. తీసేశాక అనుమతి తెచ్చుకోవచ్చని ఎవరైనా చెబితే వినకు.

కాగితాల పని తొందరగా చెప్పేస్తాను. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పార్ట్‌టైమ్ కుదురుతుంది. పై అధికారి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. అందులో నీ డ్యూటీలో చదువుకు సమయం ఉందనీ, అవసరమైతే కోర్సువర్క్‌కు రిలీవ్ చేస్తామనీ రాసి ఉండాలి. కోర్సువర్క్ కనీసం 12 క్రెడిట్లు. మొత్తం కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్ల లోపు. నువ్వు చేరబోయే యూనివర్సిటీ సొంత నియమాలు విడిగా చూసుకో. గైడ్‌ను పేరు చూసి ఎంచుకోకు. ఆయన దగ్గర ఇప్పుడు చేస్తున్న ఇద్దరిని ఒంటరిగా కలిసి, రాసిచ్చిన అధ్యాయం ఎన్ని రోజులకు తిరిగొస్తోందో అడుగు.

ఇంట్లో కూడా మాట్లాడు. అబ్బాయికి నాలుగేళ్లని రాశావు. థీసిస్ అయ్యేసరికి పదేళ్లవాడవుతాడు. ఆ లెక్క మీ ఆయనతో కలిసి ముందే వేసుకోండి.

ప్రపోజల్ మళ్లీ పంపే తొందర లేదు. ముందు ఆ సమ్మతి పత్రం తిరగరాసి, మీ వార్డు ఆయమ్మకు ఒకసారి చదివి వినిపించు. ఆవిడ ఎక్కడ ఆపి ఏం అడిగిందో, ఆ ప్రశ్నలు ఉన్నవి ఉన్నట్టు నాకు రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ సార్