రెఫరెన్సుల్లో ఇంటిపేరు ఏది? సీమ పరిశోధక విద్యార్థుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా గైడ్ గారు రెఫరెన్సులకు ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతి పాటించమన్నారు. గూగుల్ స్కాలర్‌లో 'సైట్' నొక్కి తెచ్చుకున్న రెఫరెన్సుల్లో సగం మంది రచయితలు 'రెడ్డి', 'రావు' కిందికే వచ్చారు. ఎవరు ఎవరో నాకే తెలియడం లేదు. ఇలా ఉంచవచ్చా?
– పరిశోధక విద్యార్థిని, అనంతపురం

జవాబు: ఉంచకూడదు. పేరులో చివరి మాటే ఇంటిపేరు అన్న లెక్కతో ఆ మీట పనిచేస్తుంది. మన ఇంటిపేరు ముందుంటుంది. అందుకే చిలుకూరి నారాయణరావు కాస్తా 'రావు, సి. ఎన్.' అయిపోతాడు. ఆ పేరుతో లైబ్రరీలో వెతికితే ఆయన పుస్తకం దొరకదు. మీరు చూసిన పుస్తకానికి, మీరు చూసిన పుటకు పరీక్షకుడు తిన్నగా చేరుకోవడానికే రెఫరెన్సు ఉన్నది కాబట్టి, మిగతా నియమాలన్నీ దీని తర్వాతే.

ముందు పుస్తకం లోపలి టైటిల్ పేజీ చూడండి. అట్ట మీద పేరును నమ్మవద్దు. రచయిత తన పేరును ఎలా అచ్చువేయించుకున్నాడో అదే మీకు ఆధారం. కట్టమంచి రామలింగారెడ్డి ఇంగ్లిషులో 'సి.ఆర్. రెడ్డి'గానే ప్రసిద్ధుడు. కాబట్టి ఆయన ఇంగ్లిషు రచనకు 'రెడ్డి, సి. ఆర్.' అని రాయడం సరైనదే. ఆయన తెలుగు పుస్తకానికి మాత్రం 'కట్టమంచి రామలింగారెడ్డి' అని రాయాలి. ఇంటిపేరు ముందే ఉంది కనుక మధ్యలో కామా అక్కర్లేదు, 'క' దగ్గర చేర్చాలి. లైబ్రరీ కేటలాగుల్లో 'రామలింగారెడ్డి, కట్టమంచి' అన్న పద్ధతి కూడా కనిపిస్తుంది. అదీ తప్పు కాదు. రెండింటినీ కలిపి వాడితేనే తప్పు. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడండి. వ్యాసం మధ్యలో కుండలీకరణంలో రాసే పేరు, చివరి జాబితాలో ఆ పుస్తకం ఏ మాటతో మొదలైందో ఆ మాటే కావాలి. లోపల 'నారాయణరావు' అని, జాబితాలో 'చిలుకూరి' అని ఉంటే చదివేవాడు రెండు చోట్లా వెతుక్కోవాలి.

రెఫరెన్సులు దాచుకుని జాబితా కట్టిపెట్టే సాఫ్ట్‌వేర్ జొటెరో వాడేవారికి ఒక సౌకర్యం ఉంది. రచయిత పేరుకు అందులో రెండు గడులుంటాయి. పక్కనున్న గుర్తు నొక్కితే అవి ఒకే గడిగా మారతాయి. తెలుగు పేరు మొత్తం అందులో టైపు చేస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని తిరగేయదు. ఆదిలోనే ఈ పని చేసుకోండి. 200 రెఫరెన్సులు చేరాక సరిదిద్దడం నరకం.

ప్రశ్న: 1886 నాటి కర్నూలు జిల్లా మాన్యువల్లో (బ్రిటిష్ కాలపు జిల్లా వివరాల గ్రంథం) ఒక వాక్యం నాకు చాలా అవసరం. దాన్ని వేరే రచయిత పుస్తకంలో చూశాను, మాన్యువల్ చూడలేదు. జాబితాలో మాన్యువల్ పేరే రాసేయవచ్చా?
– ఎం.ఏ. చరిత్ర, కర్నూలు

జవాబు: రాయకూడదు. చూడని పుస్తకాన్ని చూసినట్టు చెప్పడం అవుతుంది. మధ్యలోని రచయిత పుట సంఖ్య తప్పుగా ఇచ్చి ఉంటే ఆ తప్పు మీ మెడకు చుట్టుకుంటుంది. ఇలాంటి తప్పులు ఒక థీసిస్ నుంచి మరో థీసిస్‌కు ఏళ్ల తరబడి ప్రయాణం చేస్తూనే ఉంటాయి. మాన్యువల్ రచయిత గోపాలకృష్ణమ చెట్టి కాబట్టి, వ్యాసంలో 'గోపాలకృష్ణమ చెట్టి, 1886, ఫలానా వారి పుస్తకంలో ఉదహరించినట్లు' అని రాసి, మీరు చూసిన పుట సంఖ్య ఇవ్వండి. జాబితాలోకి మీరు చేత్తో పట్టుకున్న పుస్తకమే వస్తుంది.

అయితే ఇంత పాత పుస్తకానికి ఆ దారి పట్టాల్సిన పనిలేదు. కర్నూలు మాన్యువల్, గ్రిబుల్ రాసిన 1875 నాటి కడప మాన్యువల్, ఫ్రాన్సిస్ రాసిన 1905 నాటి అనంతపురం గెజిటీర్ కాపీరైటు తీరిపోయినవి. స్కాన్ ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతకండి. దొరికాక మూడు జాగ్రత్తలు తీసుకోండి. స్కాన్ పేజీ పక్కన ఎవరో నింపిన రచయిత పేరు, సంవత్సరం తరచూ తప్పుగా ఉంటాయి. వాటిని వదిలి లోపలి టైటిల్ పేజీ నుంచే ఎక్కించుకోండి. పీడీఎఫ్ చూపే పేజీ సంఖ్య, కాగితం మీద అచ్చయిన పుట సంఖ్య వేరు. ముందుమాట, పటాలు కలవడంతో పది ఇరవై తేడా వస్తుంది. అచ్చయిన సంఖ్యే రాయాలి. ఇక పుస్తకం పేరులో 'కడప'కు పాత ఇంగ్లిషు స్పెల్లింగు, 'సి'తో మొదలయ్యేది, ఉంటే దాన్ని అలాగే ఉంచండి. 2005లో అధికారికంగా స్పెల్లింగు మారిందని పుస్తకం పేరును మార్చే హక్కు మనకు లేదు.

ప్రశ్న: నా థీసిస్ ఇతర రచనలతో ఎంత కలిసిందో సాఫ్ట్‌వేర్ చెప్పే సిమిలారిటీ రిపోర్టు 23 శాతం వచ్చింది. చాలా భయంగా ఉంది. నా రిజిస్ట్రేషన్ రద్దవుతుందా?
– పీహెచ్‌డీ విద్యార్థి, కర్నూలు

జవాబు: కాదు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా శిక్ష లేదు. 10 దాటి 40 దాకా ఉంటే, ఆరు నెలలకు మించని గడువులో సవరించి మళ్లీ ఇవ్వమంటారు. 40 దాటి 60 దాకా అయితే సవరించిన ప్రతిని ఏడాది పాటు తీసుకోరు. 60 దాటితేనే రిజిస్ట్రేషన్ రద్దు.

కంగారుపడే ముందు లైబ్రరీలో అడగండి: రిపోర్టు తీసేటప్పుడు మినహాయింపులు పెట్టారా? మూలం చెప్పి కొటేషన్ గుర్తుల్లో పెట్టిన భాగం, గ్రంథసూచి, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, చట్టాల పాఠం, ప్రామాణిక సమీకరణాలు లెక్కలోకి రావు. వరుసగా 14 మాటల దాకా యాదృచ్ఛికంగా కలిసినా వదిలేయాలి. గ్రంథసూచి తీయకుండా రిపోర్టు తీస్తే శాతం ఊరికే పెరిగిపోతుంది.

మినహాయించాక కూడా మిగిలితే రంగులు పడిన చోట్లను ఒక్కొక్కటిగా చూడండి. పూర్వ పరిశోధనల సమీక్షలోనే ఎక్కువగా ఉంటాయి. అక్కడ 'ఉన్నది'ని 'కలదు' చేసి, వాక్యాన్ని తిరగేసి బయటపడాలని చూడకండి. మాటలు మారినా ఆలోచన వరుస అదే ఉంటే అది కాపీయే. మూలం చదవండి, మూసేయండి, మీకు అర్థమైనది మూడు వాక్యాల్లో రాయండి, మళ్లీ తెరిచి పోల్చండి. పుట సంఖ్యతో మూలం చెప్పండి. అసలు జబ్బు నోట్సులో మొదలవుతుంది: నోట్సులోకి ఎక్కించుకునేటప్పుడు కొటేషన్ గుర్తులు పెట్టకపోతే ఆరు నెలల తర్వాత ఏది మీ వాక్యమో, ఏది ఎదుటివారిదో మీకే గుర్తుండదు.

అందరికీ తెలిసిన విషయానికి మూలం అక్కర్లేదు. 1800లో నిజాం మన సీమ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడనడానికి రెఫరెన్సు ఎందుకు? కంపెనీ కలెక్టరు మన్రో శిస్తు నిర్ణయం రైతును ఎలా దెబ్బతీసిందో, నిలబెట్టిందో చెబితే మాత్రం ఆ అభిప్రాయం ఎవరిదో చెప్పి తీరాలి.

తెలుగులో థీసిస్ రాసేవారికి మరో మాట. ఇంగ్లిషు వ్యాసాన్ని తెలుగు చేసి పెడితే సాఫ్ట్‌వేర్ పట్టుకోకపోవచ్చు. అయినా అది గ్రంథచౌర్యమే. అనువదించి ఉదహరిస్తే మూలం చెప్పి 'అనువాదం నాది' అని రాయండి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేస్తే సాఫ్ట్‌వేర్‌కు అది తెలుగుగా కనిపించదు. మొదటి పేజీ నుంచే యూనికోడ్‌లో రాయండి.

ప్రశ్న: శాసనాన్ని, వేమన పద్యాన్ని ఎలా చూపాలి? వాటికి ప్రచురణ సంవత్సరం ఎక్కడ?
– ఎం.ఏ. తెలుగు, కడప

జవాబు: మీరు రాయిని చూశారా, అచ్చు పాఠాన్ని చూశారా అన్నదే ప్రశ్న. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ల శాసనాన్ని శాసనాల పాఠాలు అచ్చువేసే ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటంలో చదివి ఉంటే సంపుటం, శాసనం సంఖ్య, పుట, పంక్తి ఇవ్వాలి. ఊరికే 'కలమళ్ల శాసనం, 575' అని రాయకండి. ఆ శాసనంలో సంవత్సరం లేదు. 575 ప్రాంతమన్నది లిపి మొదలైనవాటిని బట్టి పండితులు వేసిన అంచనా, కాబట్టి ఎవరి అంచనానో చెప్పాలి.

వేమన విషయంలో పద్య సంఖ్య ఒక్కటే ఇస్తే ప్రయోజనం లేదు. బ్రౌన్ 1829 ముద్రణలో 693 పద్యాలుంటే, 1839 ముద్రణలో 1164 ఉన్నాయి. వేరే సంకలనంలో వరుస వేరు. ముద్రణ పేరు, సంవత్సరం, ఆ తర్వాతే పద్య సంఖ్య. బ్రౌన్ నిఘంటువుదీ ఇదే సమస్య. ఇవాళ చేతికందే ప్రతులు చాలావరకు 1903 నాటి సవరించిన కూర్పుకు పునర్ముద్రణలు. వాటిని చూసి '1852' అని రాస్తే, తర్వాత చేర్చినవారి మాటను కూడా బ్రౌన్ నోట పెట్టినట్టు.

ప్రశ్న: చాట్‌జీపీటీ ఇచ్చిన పది రెఫరెన్సులు పెట్టుకోవచ్చా?
– బీఏ ప్రాజెక్టు, అనంతపురం

జవాబు: ఒక్కటి కూడా, తెరిచి చదవకుండా పెట్టకండి. లేని వ్యాసానికి నమ్మేలా పేరు, సంవత్సరం, డీఓఐ (వ్యాసానికిచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) కల్పించి ఇస్తుంది. డీఓఐ సంఖ్యను డీఓఐ సైట్లో వేసి చూడండి. వేరే వ్యాసం తెరుచుకున్నా, ఏమీ రాకపోయినా తీసేయండి. తెరుచుకుంటే చదవండి.

ప్రశ్న: అనంతపురం జిల్లా జనాభా 40,81,148 అని రాసి '2011 జనగణన' అని మూలం ఇచ్చాను. మార్కులు ఎందుకు తీశారు?
– డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: అంకె సరైనదే, జిల్లా మారింది. అది 63 మండలాల పాత జిల్లా లెక్క. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది. నంద్యాల విడిపోయిన కర్నూలుకూ ఇదే చిక్కు. పట్టిక కింద 'విభజనకు ముందరి జిల్లా' అని ఒక వాక్యం రాయండి. ఇప్పటి జిల్లా లెక్కే కావాలంటే మండలాల వారీ అంకెలు కూడి, ఏయే మండలాలు కలిపారో, లెక్క మీరే కట్టారన్న సంగతీ అక్కడే చెప్పండి.