పోయిన రాతను వెతికే ముందు

అమ్మాయ్,

అన్నాళ్లు కూర్చుని రాసిన వ్యాసం కంప్యూటర్‌లో కనిపించడం లేదన్నావు. టెన్షన్ పడొద్దంటే మాత్రం పడకుండా ఉంటావా? పడు, కానీ ఆ కంగారులో దొరికిన బటనల్లా నొక్కకు. ఆ మెషీన్‌లో కొత్తగా ఏదీ సేవ్ చేయకు, ఏ సాఫ్ట్‌వేరూ వేయకు. హార్డ్ డిస్క్‌లో ఫైలు డిలీట్ చేస్తే అది వెంటనే చెరిగిపోదు. ఆ చోటు ఖాళీ అని కంప్యూటర్ గుర్తు పెట్టుకుంటుందంతే. దాని మీద ఇంకోటి రాసేదాకా పాతది లోపలే ఉంటుంది. నీది ఎస్‌ఎస్‌డీ, అంటే లోపల తిరిగే పళ్లెం లేని కొత్త రకం డిస్క్ అయితే ఆ ఆశ తక్కువ. ఖాళీ అయిన చోటును అది తనే తుడిచేసుకుంటుంది.

అయినా అంతదూరం పోనక్కర్లేదనే నా నమ్మకం. పోయాయని ఏడ్చిన ఫైళ్లలో ఎక్కువ భాగం ఎక్కడికీ పోవు. ముందు ఏ అకౌంట్‌లో ఉన్నావో చూసుకో. ఆఫీసు మెయిల్‌తో రాసి సొంత మెయిల్‌లో వెతుక్కునేవాళ్లు కోకొల్లలు. తర్వాత కంప్యూటర్‌లో రీసైకిల్ బిన్, గూగుల్ డ్రైవ్‌లో రాసుంటే అక్కడి ట్రాష్. ఆ ట్రాష్‌లో 30 రోజులే ఉంచుతుంది కాబట్టి ఆలస్యం చేయకు. ఫైలు ఉండి లోపలి పేరాలు మాయమైతే వెర్షన్ హిస్టరీ తెరువు, ఫైలు పాత రూపాలు అందులో ఉంటాయి. సేవ్ చేయకుండా వర్డ్ మూసేశావేమో, అందులో సేవ్ కాని ఫైళ్లను తిరిగి తెచ్చే ఆప్షన్ ఉంది.

ఇక వెతకడం. ఫైలు పేరు గుర్తు లేదని ఊరుకోకు, లోపల రాసిన మాటతో వెతుకు. తెలుగుతో ఇక్కడే చిక్కు. 'ఫోన్‌లో' లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనబడని అక్షరం ఒకటి దాక్కుని ఉండొచ్చు. కొట్టినప్పుడు అది పడకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్లు దొరకలేదనేస్తాయి. అందుకని పూర్తి మాట వద్దు. పొల్లులూ విభక్తులూ లేని చిన్న ముక్క వెయ్యి, 'వ్యవసా' అన్నట్టు. అదే నువ్వు పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో పాతకాలపు అను ఫాంట్లతో కొట్టిన వ్యాసమైతే, ఇప్పుడు ఫోన్లలో, నెట్‌లో వాడే యూనికోడ్ తెలుగులో ఎంత వెతికినా రాదు, లోపల ఉన్నవి వేరే గుర్తులు. అలాంటి వాటిని తేదీని బట్టి, ఫైలు రకాన్ని బట్టి పట్టుకోవాలి. మెయిల్‌లో ఎవరికైనా చదవమని పంపావేమో, సెంట్ ఫోల్డర్ కూడా చూడు. సగం రాసింది దొరికినా సగం పని తప్పినట్టే.

ఇవన్నీ అయ్యాకే డిలీటైన ఫైళ్లను వెలికితీసే రికవరీ సాఫ్ట్‌వేర్. దాన్ని వేరే కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌లోకి దించుకుని అక్కణ్ణించి నడుపు. దొరికినవి కూడా వేరే డ్రైవ్‌లోనే పెట్టు. 'నూరు శాతం గ్యారంటీ' అని ముందే డబ్బు అడిగేవాడి జోలికి పోకు.

ముందా అకౌంట్ సంగతి ఇవాళే చూసి నాకు ఫోన్ చెయ్యి.