ముక్కు ఆపరేషన్‌కూ కంటికీ ఏం సంబంధం?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది తాడిపత్రి. మా ఆయన బండల పాలిష్ పనికి పోతారు, వయసు 41. రెండేళ్లుగా ముక్కు దిబ్బడ, వాసన అసలు తెలియదు. ముక్కులో కండ పెరిగి సైనస్‌లు మూసుకుపోయాయన్నారు. మూడు నెలలు స్ప్రే, మాత్రలు వాడినా తగ్గలేదు, ఎండోస్కోపీతో, అంటే ముక్కులోకి సన్నని కెమెరా పెట్టి ఆపరేషన్ చేయాలంటున్నారు. అందులో చూపు పోతుందని వీధిలో ఎవరో చెప్పినప్పటి నుంచి ఆయన ససేమిరా అంటున్నారు. నాకూ టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ఆ మాట వట్టి పుకారు కాదు. సైనస్ గదులకూ కంటికీ మధ్య గోడగా ఉండే ఎముక కాగితమంత పలచన, పైన మెదడును మోసే ఎముకా కొన్నిచోట్ల అంతే. కానీ చూపు పోవడం చాలా అరుదు, అలా జరగకుండా చూసుకునే పద్ధతులు ఉన్నాయి.

మొదటిది సీటీ స్కాన్. అది లేకుండా ఆపరేషన్ చేస్తామని ఎవరన్నా మీరు ఒప్పుకోకండి. ముక్కు పైకప్పులో వాసన నరాలుండే గుంట లోతు ఒకరికి 3 మిల్లీమీటర్లే ఉంటుంది, ఇంకొకరికి 8 దాటుతుంది, ఒకే మనిషికి కుడి ఎడమల్లో తేడా ఉండొచ్చు, గుంట లోతుగా ఉన్నచోట పక్క ఎముక మరీ పలచన కాబట్టి ఇవన్నీ కత్తి పట్టకముందే ఫిల్ములో చూసుకోవాలి.

రెండోది రక్తం, నా దృష్టిలో అసలు శత్రువు ఇదే. రక్తం కమ్మితే కెమెరాలో ఏమీ కనబడదు. అందుకే తలవైపు ఎత్తుగా పడుకోబెడతారు, రక్తనాళాలను కుదించే అడ్రినలిన్ మందులో తడిపిన పట్టీలు ముక్కులో పెడతారు, మత్తు డాక్టర్ బీపీని కాస్త తగ్గించి ఉంచుతారు. అయినా కనబడకపోతే అక్కడితో ఆపేసి మిగతాది ఇంకోసారి చేసే సర్జనే మంచి సర్జన్. ఆయన ఆస్పిరిన్ లాంటివి వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

ఆపరేషన్‌లో కళ్లను గుడ్డతో కప్పరు. నర్సు చూస్తూనే ఉంటుంది, అనుమానం వస్తే కనుగుడ్డును పైనుంచి మెల్లగా నొక్కి లోపల గోడ కదులుతోందా అని కెమెరాలో చూస్తారు.

తర్వాత కన్ను వాచినా, చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా, వంగినప్పుడు ఒక ముక్కులోంచి నీళ్లలా కారినా తెల్లారేదాకా ఆగకండి, అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లండి. కండ మళ్లీ పెరిగే రకం కాబట్టి కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో కడుక్కోవడం, స్ప్రే, పనిలో మాస్క్ మానకూడదు.

ఇంకా గుబులుగా ఉంటే ఫిల్ములు పట్టుకుని అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగంలో ఒకసారి చూపించండి, ఆయన్ని కూడా వెంట తీసుకెళ్లండి.