సమాధానం: సాలీడు, తేలు, రొయ్య కీటకాలు ఎందుకు కావు

మీ పాప ప్రాజెక్టులో బొద్దింకతో పాటు సాలీడు, తేలు, రొయ్య, జెర్రి అన్నింటినీ కీటకాల కింద రాస్తే టీచరు కొట్టివేశారని అడిగారు కదండీ. ఇవన్నీ ఆర్థ్రోపొడా వర్గానివే. కీళ్లున్న కాళ్లు, పైన గట్టి పెంకు అన్నింటికీ ఉంటాయి. పాప పొరబడటం సహజమే.

ముందు కాళ్లు, తర్వాత మీసాలు చూడమనండి. బొద్దింకకు ఆరు కాళ్లు, ఒక జత మీసాలు. శరీరం తల, రొమ్ము, పొట్ట అని మూడు భాగాలు. అదే కీటకం. సాలీడుకు ఎనిమిది కాళ్లు, మీసాలు అసలు ఉండవు. తేలూ దాని బంధువే. అయితే తేలు ముందున్న డెక్కలను కాళ్లుగా లెక్కిస్తే పది వస్తాయి, పిల్లలు తడబడేది ఇక్కడే. అవి నోటి దగ్గరి అవయవాలు, వాటిని వదిలేయాలి. పీత విషయంలో మాత్రం డెక్కలు కూడా కాళ్ల లెక్కలోకే వస్తాయి, మొత్తం పది.

రొయ్యను వంటింట్లోనే చూపించవచ్చు. తలతో ఉన్న పచ్చి రొయ్యను నీళ్ల పళ్లెంలో వేస్తే పొడవాటి మీసాల జత తేలుతుంది, వాటి పక్కనే పొట్టి జత ఇంకొకటి కనిపిస్తుంది. రెండు జతల మీసాలుంటే క్రస్టేషియా, అంటే రొయ్యలు, పీతలు ఉండే గుంపు.

జెర్రికి శరీరంలోని ఒక్కో ఖండానికి ఒక జత కాళ్లు, రోకలిబండకు చాలా ఖండాలకు రెండేసి జతలు. జెర్రినీ తేలునూ బొమ్మల్లోనే చూపించండి, రెండూ విషమున్నవే.

గొంగళి పురుగుకు చాలా కాళ్లున్నట్టు కనిపిస్తుంది గానీ, తల వెనుక ఉన్న ఆరే అసలైనవి. దాన్ని కీటకాల్లోనే ఉంచమనండి.